మిట్టమధ్యాహ్నపు పాట: బ్రిస్టల్ రేడియో కథ



అమెరికాలో వర్జీనియా, టెన్నెసీ పక్కపక్క రాష్ట్రాలు. వాటి సరిహద్దు గీత ఒకచోట ఒక ఊరి పెద్దబజారు నడిమధ్యగా సాగిపోతుంది. ఆ ఊరి పేరు బ్రిస్టల్. ఆ బజారు పేరు స్టేట్ స్ట్రీట్. వీధికి ఉత్తరాన ఉన్న దుకాణాలు వర్జీనియావి, దక్షిణాన ఉన్నవి టెన్నెసీవి. గీత ఎక్కడుందో తెలిసేలా రోడ్డు మధ్యలో ఇత్తడి బిళ్ళలు పొదిగారు. పాలకవర్గాలు రెండు, చట్టాలు రెండు, ఊరు మాత్రం ఒక్కటే. రెండు సగాలూ కలిపినా ఈనాటికీ యాభై వేల జనాభా లేదు. చుట్టూ అపలేచియన్ కొండలు, లోయలు, ఇంకాస్త అవతలికి వెళితే బొగ్గు గనులు.

ఈ ఊరిని అమెరికా పార్లమెంటు 1998లో కంట్రీ సంగీతం అనే అక్కడి పల్లె సంగీతానికి జన్మస్థలంగా గుర్తించింది. ఆ గౌరవం ప్రధానంగా 1927లో అక్కడ జరిగిన గ్రామఫోను రికార్డింగుల వల్ల వచ్చింది. ఆ సంగతి చాలామందికి తెలుసు. కానీ ఆ సంగీతం ఊరి జనం మధ్య ఎలా బతికింది, పల్లెటూరి పిల్లల చేతుల్లో ఎలా కొత్త రూపు దిద్దుకుంది అని అడిగితే మాత్రం జవాబు రేడియో దగ్గర దొరుకుతుంది. ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది ఆ కథే.

ముందుగా 1927కి వెళదాం. ఆ ఏడాది జూలైలో విక్టర్ టాకింగ్ మెషిన్ కంపెనీ తరఫున రాల్ఫ్ పీర్ అనే ఆయన ఇద్దరు సాంకేతిక నిపుణులతో బ్రిస్టల్ వచ్చారు. స్టేట్ స్ట్రీట్‌లో టెన్నెసీ వైపున ఒక టోపీల కంపెనీ భవనం ఉండేది. దాని మేడ మీద, బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకు దుప్పట్లు వేలాడదీసి, యంత్రాలు అమర్చారు. అప్పటికి విద్యుత్ మైక్రోఫోను వచ్చి రెండేళ్ళే అయింది. అంతకుముందు గాయకులు పెద్ద గరాటులోకి గట్టిగా పాడాల్సి వచ్చేది. మైక్రోఫోను రావడంతో మామూలు గొంతు, ఇంట్లో కూర్చుని పాడుకునే గొంతు, రికార్డు మీదికి ఎక్కే వీలు కలిగింది.

జూలై 25 నుంచి ఆగస్టు 5 వరకు 19 బృందాలు 76 పాటలు రికార్డు చేశాయి. మొదట్లో జనం పలచగానే వచ్చారు. ఈలోగా స్థానిక పత్రికలో ఒక వార్త పడింది. ఎర్నెస్ట్ స్టోన్‌మన్ అనే గాయకుడు అంతకుముందు సంవత్సరం రికార్డుల మీద 3,600 డాలర్లు సంపాదించాడని దాని సారాంశం. ఇక చూడండి, కొండల్లోంచి ఫిడేళ్ళు, బాంజోలు చంకన పెట్టుకుని మనుషులు దిగి వచ్చారు. అలా వచ్చినవారిలో కార్టర్ కుటుంబం ఒకటి. ఏ.పీ. కార్టర్, ఆయన భార్య సారా, సారాకు చెల్లెలి వరసైన మేబెల్. మేబెల్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్ళు, గర్భవతి. సారా చంకలో పసిబిడ్డ. నలభై కిలోమీటర్ల కొండదారిని పాత కారులో దాటుకుని వచ్చి, ఆగస్టు 1, 2 తేదీల్లో ఆరు పాటలు పాడారు. ఆగస్టు 4న జిమ్మీ రోడ్జర్స్ అనే మాజీ రైల్వే కార్మికుడు రెండు పాటలు పాడాడు. ఈ రెండు పేర్లూ కంట్రీ సంగీతానికి పునాదిరాళ్ళయ్యాయి.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. పన్నెండు రోజుల తర్వాత కంపెనీ వాళ్ళు పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోయారు. పాట రికార్డుగా మారింది, దేశమంతటా అమ్ముడుపోయింది. బ్రిస్టల్‌లో పుట్టిన పాట బ్రిస్టల్ దాటిపోయింది. మంచిదే. కానీ పాటకు ఊళ్ళో ఒక ఇల్లు ఉండాలి. రేపు పాడబోయేవాడు ఈ రోజు కూర్చుని వినడానికి ఒక చోటు ఉండాలి. ఆ చోటును రేడియో కల్పించింది.

బ్రిస్టల్‌లో మొదటి రేడియో స్టేషన్ 1929 జూన్‌లో మొదలైంది. దాని పేరు డబ్ల్యూఓపీఐ. అమెరికాలో స్టేషన్లను ఇలా అక్షరాలతోనే పిలుస్తారు. ఊరి వార్తలు, చర్చి ప్రార్థనలు, స్థానిక గాయకుల పాటలు అందులో వచ్చేవి. 1937లో ఆ స్టేషన్‌లో ఒక కుర్రాడు అనౌన్సరుగా చేరాడు. బ్రిస్టల్‌లోనే పుట్టినవాడు, వయసు పద్దెనిమిది, గొంతు మాత్రం లోతైన గంభీరమైన గొంతు. ఆ కుర్రాడే తర్వాత టెన్నెసీ ఎర్నీ ఫోర్డ్‌గా అమెరికా అంతటికీ తెలిశాడు. బొగ్గు గని కార్మికుడి అప్పుల బతుకు మీద మెర్ల్ ట్రావిస్ రాసిన 'సిక్స్‌టీన్ టన్స్' అనే పాటను 1955లో ఎర్నీ ఫోర్డ్ పాడితే దేశం దేశమే ఊగిపోయింది. గనులకు దగ్గరి ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి ఆ పాటలోని బరువు తెలిసే పాడాడనిపిస్తుంది.

అదే కాలంలో మరో రకం రేడియో కూడా ఉండేది. దాన్ని కూడా కాస్త చూస్తే మన కథ స్పష్టమవుతుంది. మెక్సికో సరిహద్దులో, అమెరికా చట్టాలకు అందని చోట, ఎక్స్‌ఈఆర్ఏ అనే మహాశక్తిమంతమైన స్టేషన్ నడిచేది. మేక వృషణాల శస్త్రచికిత్సతో మగతనం తెప్పిస్తానని చెప్పి పేరు, డబ్బు, అపకీర్తి మూడూ సంపాదించిన జాన్ బ్రింక్లీ అనే వ్యక్తిది ఆ స్టేషన్. దాని ప్రసారం రాత్రివేళ ఉత్తర అమెరికా ఖండంలో చాలా భాగం వినిపించేది. 1938 నుంచి కొన్ని చలికాలాల పాటు కార్టర్ కుటుంబం టెక్సాస్‌కు వెళ్ళి ఆ స్టేషన్ ద్వారా పాడింది. ఎక్కడో ఆర్కాన్సాలో పత్తిచేల మధ్య జానీ క్యాష్ అనే పిల్లవాడు రేడియోలో కార్టర్ల పాటలు విన్నాడు. పెద్దవాడై మహాగాయకుడయ్యాడు. 1968లో మేబెల్ కూతురు జూన్‌నే పెళ్ళి చేసుకున్నాడు. అంటే దూరాలకు వినిపించే రేడియో చేసిన మేలు తక్కువేమీ కాదు. కానీ అలాంటి స్టేషన్‌లో పాడినవాడికి తన శ్రోత ఎవరో తెలియదు. ఎవరి గుమ్మంలో ఆ పాట వినిపిస్తోందో తెలియదు.

చిన్న ఊరి స్టేషన్‌ది వేరే పద్ధతి. దానికి వద్దాం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. సైనికులు ఇళ్ళకు తిరిగి వచ్చారు. అంతకాలం ఆగిపోయిన రేడియో లైసెన్సులను ప్రభుత్వం మళ్ళీ ఇవ్వడం మొదలుపెట్టింది. అయిదేళ్ళలో అమెరికాలో మీడియం వేవ్ స్టేషన్ల సంఖ్య రెట్టింపు దాటింది. కొత్తవాటిలో ఎక్కువ భాగం చిన్న ఊళ్ళలోనే వెలిశాయి. ఆ వరవడిలో 1946 డిసెంబరులో బ్రిస్టల్‌లో డబ్ల్యూసీవైబీ అనే స్టేషన్ ప్రసారం మొదలైంది. కొద్ది రోజుల్లోనే మధ్యాహ్నం వేళ ఒక ప్రత్యక్ష ప్రసార కార్యక్రమం కుదురుకుంది. పేరు 'ఫార్మ్ అండ్ ఫన్ టైమ్'. సేద్యం, వినోదం రెండూ కలిసిన కార్యక్రమం. మన శ్రోతలకు ఆకాశవాణి పాడిపంటల కార్యక్రమాలు తెలుసు కనుక దాని స్వభావం ఇట్టే అర్థమవుతుంది. వాతావరణం, పంటల మాటలు, వాటి నడుమ ఫిడేలు, బాంజో, మాండొలిన్, గిటారు, నాలుగు గొంతులు కలిసి పాడే భక్తి పాటలు.

మధ్యాహ్నమే ఎందుకంటే, పొలం నుంచి రైతు అన్నానికి ఇంటికి వచ్చే వేళ అది. ఇంటిల్లిపాదీ ఒక్కచోట ఉండే వేళ. కొండల్లో చాలా ఇళ్ళకు అప్పటికి కరెంటు ఇంకా చేరలేదు. అలాంటి ఇళ్ళలో బ్యాటరీ రేడియోలు ఉండేవి. బ్యాటరీ ఖరీదైనది. రోజంతా మోగించడానికి లేదు. ఏ కార్యక్రమం వినాలో ఇంటివాళ్ళు ముందే అనుకుని, ఆ వేళకే రేడియో పెట్టేవారు. రేడియో లేనివాళ్ళు పొరుగింటికి వెళ్ళేవారు. అంత పొదుపుగా, అంత ఇష్టంగా విన్న పాట మనసులో ఎలా నాటుకుంటుందో వేరే చెప్పాలా?

మీడియం వేవ్ గుణం కూడా ఇక్కడ కొంత తెలుసుకోవాలి. పగటిపూట ఈ తరంగాలు నేలను అంటిపెట్టుకుని సాగుతాయి. ఒక హద్దు దాకా వెళ్ళి క్రమంగా నీరసించిపోతాయి. రాత్రి అయితే పై వాతావరణపు పొరల మీద పడి వెనక్కి తిరిగి, వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. మీలో చాలామంది రాత్రిళ్ళు రేడియో ముల్లు తిప్పుతూ ఎక్కడో దూరపు స్టేషన్లు పట్టుకున్నవారే అయి ఉంటారు. ఆ కారణం వల్లనే, స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడకుండా, అమెరికాలో చాలా చిన్న స్టేషన్లకు పగటి ప్రసారానికి మాత్రమే అనుమతి ఇచ్చారు. కొన్నిటికి రాత్రి శక్తి తగ్గించారు. అంచేత మధ్యాహ్నపు ప్రసారానికి ఒక కచ్చితమైన పరిధి ఉండేది. బ్రిస్టల్ ప్రసారం వర్జీనియా, టెన్నెసీ, కెంటకీ, నార్త్ కరోలైనా, వెస్ట్ వర్జీనియా, ఇలా అయిదు రాష్ట్రాలు కలిసే మూలల్లోకి చేరేది. పటంలో చూస్తే అయిదు రాష్ట్రాలు. దారిలో చూస్తే కారులో ఒక పూట ప్రయాణం.

ఈ ఒక పూట ప్రయాణమే నా ప్రసంగానికి కీలకం. ఎందుకో చెబుతాను.

ఆ కాలంలో ఇలాంటి స్టేషన్లలో పాడే బృందాలకు చాలావరకు జీతం ఉండేది కాదు. స్టేషన్ వాళ్ళు సమయం ఇచ్చేవారు, బృందం పాట ఇచ్చేది. మరి కడుపు నిండేదెలా? మైకు ముందు పాడుతూ, పాటకూ పాటకూ మధ్య చెప్పేవారు: ఈ రాత్రి ఫలానా ఊరి బడిలో పాడుతున్నాం, రేపు ఫలానా కోర్టు భవనంలో, ఎల్లుండి ఫలానా సినిమా హాలులో ఆట మొదలవడానికి ముందు. ఆ మాట విన్నవాళ్ళు సాయంత్రానికి టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవారు. పాటల పుస్తకాలు కూడా రేడియోలోనే చెప్పి అమ్మేవారు, జనం ఉత్తరంలో డబ్బు పెట్టి తెప్పించుకునేవారు. మధ్యాహ్నం ప్రసారం ముగియగానే బృందమంతా ఒకే కారులోకి ఎక్కేది. పెద్ద బేస్ వాయిద్యం కారు కప్పు మీద. సాయంత్రం ఏదో కొండ పల్లెలో ప్రదర్శన. అర్ధరాత్రి వెనక్కి ప్రయాణం. మళ్ళీ మర్నాడు మధ్యాహ్నానికి స్టేషన్‌లో హాజరు.

ఇప్పుడు చూడండి. పాట ఎంత దూరం వినిపిస్తే అంత దూరం గాయకుడు స్వయంగా వెళ్ళగలడు. వెళ్ళి, మర్నాటి మధ్యాహ్నానికి తిరిగి రాగలడు. ప్రసార పరిధి, గాయకుడి బతుకు పరిధి ఒక్కటే అయ్యాయి. మధ్యాహ్నం రేడియోలో విన్న గొంతును సాయంత్రం బడి అరుగు మీద పది అడుగుల దూరంలో చూడవచ్చు. పాట బాగుంటే చప్పట్లు వినిపిస్తాయి, బాగోలేకపోతే ముఖాలు చెబుతాయి. మర్నాడు రేడియోలో పాడేటప్పుడు గాయకుడికి ఆ ముఖాలు గుర్తుంటాయి. ఫలానా లోయలో ఫలానా భక్తి పాట అడిగారని గుర్తుంటుంది. నాష్‌విల్ లాంటి నగరంలోని పెద్ద స్టేషన్లు ఇవ్వలేని చదువు ఇది.

ఒక ప్రాంతమంతా తిరిగేశాక, బడులన్నిటిలో రెండేసి మార్లు పాడేశాక, వచ్చే జనం తగ్గిపోయేవారు. అప్పుడు బృందం సామాను కట్టుకుని మరో ఊరి స్టేషన్‌కు మారేది. ఒక బృందం వెళితే మరో బృందం వచ్చేది. పదేళ్ళ లోపు ఆ మధ్యాహ్నపు కార్యక్రమంలో పాడినవాళ్ళ పేర్లు చదివితే ఆశ్చర్యం వేస్తుంది: స్టాన్లీ సోదరులు, లెస్టర్ ఫ్లాట్, ఎర్ల్ స్క్రగ్స్, మాక్ వైజ్‌మన్, జిమ్ అండ్ జెస్సీ. తర్వాతి కాలంలో బ్లూగ్రాస్ అని పిలిచిన సంగీతానికి వీళ్ళంతా పెద్దలు.

స్టాన్లీ సోదరుల గురించి కాస్త వివరంగా చెప్పాలి. కార్టర్ స్టాన్లీ, రాల్ఫ్ స్టాన్లీ, ఇద్దరిదీ వర్జీనియాలోని డికెన్సన్ కౌంటీ. క్లించ్ కొండల మనుషులు. రాల్ఫ్ తన బాంజో గురించి జీవితాంతం ఒక కథ చెప్పేవాడు. చిన్నప్పుడు వాళ్ళ పిన్నమ్మ దగ్గర అమ్మకానికి ఒక పంది పిల్ల, ఒక బాంజో ఉన్నాయట. రెంటికీ ధర ఒక్కటే, అయిదు డాలర్లు. రెండూ కొనే స్తోమత లేదు, ఏది కావాలో చెప్పమని తల్లి అడిగింది. పిల్లవాడు బాంజో కోరుకున్నాడు. తల్లి లూసీ తనే వాయించి చూపించి మొదటి పాఠం చెప్పింది. పేద ఇంట్లో పంది పిల్ల అంటే మర్నాటి తిండి. దాన్ని వదులుకుని కొడుక్కి వాయిద్యం కొనిపెట్టిన ఆ తల్లిని ఈ చరిత్రలో మొదటి వరసలో నిలపాలని నాకు అనిపిస్తుంది.

అన్నదమ్ములిద్దరూ యుద్ధకాలంలో సైన్యంలో పనిచేశారు. 1946 శరదృతువులో రాల్ఫ్ ఇంటికి వచ్చాడు. వెంటనే బృందం కట్టారు. మొదట నార్టన్ అనే గని పట్టణంలోని చిన్న స్టేషన్‌లో పాడారు. డిసెంబరు నెలాఖరుకల్లా బ్రిస్టల్ చేరారు. అంటే స్టేషన్‌కు పట్టుమని నెల నిండలేదు, బృందానికి కొద్ది నెలలు. ఇద్దరూ కలిసి పెరిగారు. మరుసటి ఏడాదే రిచ్-ఆర్-టోన్ అనే చిన్న కంపెనీకి రికార్డులు ఇచ్చారు. అది కూడా ఆ చుట్టుపక్కలదే, జాన్సన్ సిటీది. స్థానిక స్టేషన్, స్థానిక గాయకులు, స్థానిక రికార్డు కంపెనీ. మూడూ ఒకే కొండల మధ్య.

ఇప్పుడొక ముఖ్యమైన సంఘటన. నాష్‌విల్‌లో బిల్ మన్రో అనే గొప్ప సంగీతకారుడు ఉండేవాడు. ఆయన బృందంలో ఎర్ల్ స్క్రగ్స్ మూడు వేళ్ళతో బాంజోను మెరుపు వేగంతో వాయించేవాడు. 'మాలీ అండ్ టెన్‌బ్రూక్స్' అని పందెపు గుర్రాల మీద ఒక పాత పాట ఉంది. మన్రో దాన్ని 1947లో రికార్డు చేశాడు కానీ, కంపెనీ 1949 దాకా విడుదల చేయలేదు. ఈలోగా ఆయన దాన్ని ప్రదర్శనల్లో, రేడియోలో పాడుతూనే ఉన్నాడు. స్టాన్లీ సోదరులు చెవితో విని పట్టుకున్నారు, 1948లో తమ రికార్డు తెచ్చేశారు. మన్రో రికార్డు బజారులోకి రాకముందే ఆయన పద్ధతిలో మరో బృందం పాడిన రికార్డు వచ్చేసింది. మన్రోకు కోపం వచ్చింది. ఆ తర్వాత స్టాన్లీలను తన రికార్డు కంపెనీ కొలంబియా చేర్చుకున్నప్పుడు ఆయన ఆ కంపెనీనే వదిలి వెళ్ళిపోయాడు.

సంగీత చరిత్రకారులకు ఈ సంఘటన చాలా విలువైనది. ఎందుకంటే ఒక మనిషి పద్ధతిగా ఉన్నది ఒక సంగీత సంప్రదాయంగా మారిన క్షణం అది. ఒకడు కనిపెడితే అది వాడి శైలి. రెండోవాడు నేర్చుకుని పాడితే అది బాణీ అవుతుంది, పదిమందికీ చెందుతుంది. ఇదంతా కాగితం మీద స్వరాలు లేకుండా, గురువు ఎదుట కూర్చోకుండా, గాలిలో వచ్చిన శబ్దాన్ని చెవితో పట్టుకోవడం వల్ల జరిగింది. కొండ పల్లెల్లో రేడియో ఒక సంగీత పాఠశాల అయింది.

ఆ 1948లోనే లెస్టర్ ఫ్లాట్, ఎర్ల్ స్క్రగ్స్ ఇద్దరూ మన్రోను వదిలి, ఫాగీ మౌంటెన్ బాయ్స్ అనే సొంత బృందం కట్టుకుని, బ్రిస్టల్ స్టేషన్‌కే వచ్చారు. మాక్ వైజ్‌మన్ వాళ్ళతో కలిశాడు. అంటే ఆ ఏడాది ఒక చిన్న ఊరి స్టేషన్‌లో, ఒకే కార్యక్రమంలో, ఇటు స్టాన్లీలు, అటు స్క్రగ్స్. నాలుగు గోడల మధ్య పోటీ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ పోటీలో రాల్ఫ్ స్టాన్లీ బాంజో పదును తేలింది. స్క్రగ్స్ మరుసటి ఏడాది 'ఫాగీ మౌంటెన్ బ్రేక్‌డౌన్' అనే వాద్యగీతాన్ని రికార్డు చేశాడు. 1967లో 'బానీ అండ్ క్లైడ్' సినిమాలో వాడుకున్నాక అది ప్రపంచమంతటికీ చేరింది.

ఇంతవరకూ చెప్పిన పేర్లన్నీ తెల్లవాళ్ళవి. ఇక్కడ ఆగి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. బాంజో మూలాలు ఆఫ్రికావి. బానిసలుగా తెచ్చిన మనుషులు తమ జ్ఞాపకంలో మోసుకొచ్చిన వాయిద్యం అది. 1927 రికార్డింగుల్లో ఎల్ వాట్సన్ అనే నల్లజాతి కళాకారుడు హార్మోనికా వాయించాడు. కార్టర్ కుటుంబం పాటల వెనుక లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారు కళాకారుడి శ్రమ ఉంది. సిమెంటు కర్మాగారంలో ప్రమాదానికి గురై కాలు పోగొట్టుకున్న మనిషి. ఏ.పీ. కార్టర్‌తో కలిసి ఊరూరా తిరిగేవాడు. కార్టర్ పాటలోని మాటలు రాసుకునేవాడు, రిడిల్ రాగం జ్ఞాపకం పెట్టుకునేవాడు. మేబెల్ గిటారు మీద ఆయన ప్రభావం ఉంది. అయినా కార్టర్ల రికార్డుల మీద ఆయన పేరు లేదు. 1965లో మైక్ సీగర్ అనే పరిశోధక గాయకుడు వెతుక్కుంటూ వెళ్ళి ఆయన సంగీతాన్ని రికార్డు చేసేదాకా ఆయన సంగతి లోకానికి తెలియలేదు. దగ్గరి మనుషుల గొంతును వినిపించామని చెప్పుకునే ఏ రేడియో అయినా, దగ్గరే ఉండి మైకు అందనివాళ్ళు ఎవరన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

సరే, ఇంత గొప్పగా నడిచిన మధ్యాహ్నపు కార్యక్రమం ఎందుకు ఆగిపోయింది? ఒక కారణం టెలివిజన్. డబ్ల్యూసీవైబీ సంస్థే 1956లో బ్రిస్టల్‌లో టీవీ స్టేషన్ ప్రారంభించింది. ప్రకటనల డబ్బు అటు మళ్ళింది. రెండో కారణం రాక్ అండ్ రోల్. ఎల్విస్ ప్రెస్లీ తర్వాత కుర్రకారు చెవులు మారిపోయాయి. మూడోది, ప్రత్యక్షంగా పాడే అయిదుగురి బృందం కన్నా రికార్డులు తిప్పే ఒక్క అనౌన్సరు స్టేషన్‌కు చవకగా వచ్చాడు. ఈ మూడూ అందరూ చెప్పేవే.

నాలుగో కారణం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది. శ్రోతలే వెళ్ళిపోయారు. యుద్ధం తర్వాత కొంతకాలం బొగ్గు గనుల్లో పని బాగా దొరికింది, కూలి చేతికి అందింది, సాయంత్రం పాట వినడానికి టిక్కెట్టు డబ్బులు ఉన్నాయి. 1950ల్లో గనుల్లోకి యంత్రాలు దిగాయి. వేలమందికి పని పోయింది. రైళ్ళు, ఇళ్ళు బొగ్గు వదిలి డీజిల్, గ్యాసు వైపు వెళ్ళాయి. కుటుంబాలకు కుటుంబాలు ఒహాయో, మిషిగన్ కార్ల కర్మాగారాలకు వలస వెళ్ళాయి. పాలమూరు, ఉత్తరాంధ్ర వలసలు చూసిన మనకు ఆ దృశ్యం కొత్త కాదు. మధ్యాహ్నం రేడియో చుట్టూ కూర్చున్న ఇల్లు ఖాళీ అయితే, సాయంత్రం బడిలో జనం ఎక్కడి నుంచి వస్తారు? ప్రసార పరిధి అలాగే ఉంది. అందులో మనుషులు పలచబడ్డారు. స్టాన్లీ సోదరులు కూడా 1950ల చివర ఫ్లోరిడాకు తరలిపోయారు. పొట్టకూటి కోసం ఊరూరా తిరుగుతూనే కార్టర్ స్టాన్లీ 1966 డిసెంబరులో కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు 41.

ఆ ప్రత్యక్ష ప్రసారాల్లో చాలా భాగం మనకు మిగల్లేదు. పాడారు, విన్నారు, అయిపోయింది. ఎవరో ఒకరు డిస్కు మీద రికార్డు చేసి దాచుకున్న కొద్ది భాగాలే తర్వాత ఆల్బములుగా వచ్చాయి. రాల్ఫ్ మాత్రం దీర్ఘాయుష్కుడు. 2000లో వచ్చిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' అనే సినిమాలో ఏ వాయిద్యమూ లేకుండా, మృత్యువును బతిమాలుకునే ఒక పాత పాట పాడాడు. 2002లో, 75వ ఏట, దానికి గ్రామీ పురస్కారం వచ్చింది. ఆ గొంతులో వయసు ఉంది, కొండ చర్చిల ప్రార్థన ఉంది, బ్రిస్టల్ మధ్యాహ్నాల సాధన ఉంది. 2016లో ఆయన వెళ్ళిపోయాడు.

కథ అక్కడితో ముగిసిపోతే ఇది ఒక నివాళి ప్రసంగం అయ్యేది. ముగియలేదు. 2014 ఆగస్టు 1న బ్రిస్టల్‌లో కంట్రీ సంగీత జన్మస్థల మ్యూజియం తెరిచారు. 2015లో ఆ మ్యూజియం లోపలే, సందర్శకులకు కనిపించేలా, ఒక చిన్న రేడియో స్టేషన్ పెట్టారు. పేరు రేడియో బ్రిస్టల్, ఎఫ్ఎం 100.1. అమెరికాలో తక్కువ శక్తి ఎఫ్ఎం అనే తరగతి ఒకటి ఉంది. ప్రసార శక్తి 100 వాట్లు మించకూడదు, లాభాపేక్ష లేని సంస్థలే నడపాలి. 2000లో ఆ తరగతి ఏర్పడింది. పెద్ద ప్రసార సంస్థలు అభ్యంతరం పెట్టడంతో చాలా ఏళ్ళు దాని విస్తరణ కుంటుపడింది. 2011 జనవరిలో స్థానిక కమ్యూనిటీ రేడియో చట్టం వచ్చాకే కొత్త లైసెన్సులకు దారి తెరుచుకుంది. రేడియో బ్రిస్టల్ ఆ దారిన వచ్చిందే.

వాళ్ళు చేసిన మంచి పని ఏమిటంటే, పాత పేరును ఫలకం మీద చెక్కి ఊరుకోలేదు. 'ఫార్మ్ అండ్ ఫన్ టైమ్' కార్యక్రమాన్ని మళ్ళీ ప్రేక్షకుల ఎదుట ప్రత్యక్షంగా మొదలుపెట్టారు. ఈనాటి యువ బృందాలు వచ్చి పాడతాయి. ఆ ప్రాంతపు రైతుల విశేషాలు వస్తాయి. తాతమ్మల నాటి వంటకాల గురించి మాట్లాడతారు. సేద్యం, వినోదం మళ్ళీ ఒక్కచోట చేరాయి.

100 వాట్లంటే కొద్ది కిలోమీటర్ల పరిధి. కానీ ఈ స్టేషన్ ఇంటర్నెట్‌లోనూ వస్తుంది, కనుక హైదరాబాదులోనో, విశాఖపట్నంలోనో కూర్చుని మనమూ వినవచ్చు. అయితే మరి ఒక పూట ప్రయాణమంత పరిధి వల్లే ఆ సంగీతం పండిందని ఇందాక అన్నాను కదా, ఇప్పుడు ప్రపంచమంతా వినిపిస్తే ఆ బలం పోదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. నా సమాధానం ఇది. వినిపించే దూరం ఎంతైనా పెరగనివ్వండి. మైకు మాత్రం దగ్గరి మనిషి ముందే ఉండాలి. రేడియో బ్రిస్టల్ మైకు ఇవాళ్టికీ ఆ కొండల మనుషుల ముందే ఉంది.

ఇది అమెరికా సంగతే అనుకోవద్దు. మన దేశంలో గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకు కూడా కమ్యూనిటీ రేడియో నడిపే అవకాశం వచ్చింది. 2008 అక్టోబరులో జహీరాబాదు ప్రాంతంలోని మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. దళిత మహిళా రైతులు నడిపే స్టేషన్ అది. చిరుధాన్యాల విత్తనాలు, పండుగలు, పొలం పాటలు, వాళ్ళ మాట, వాళ్ళ యాస. బ్రిస్టల్‌కూ మాచనూరుకూ ఒకరి సంగతి ఒకరికి తెలియకపోవచ్చు. సేద్యమూ పాటా విడివిడి విషయాలు కావన్న ఎరుక మాత్రం రెండు చోట్లా ఉంది.

బ్రిస్టల్ చరిత్ర మనకు రెండు పనులు చెబుతోంది. మొదటిది, వినిపించిన ప్రతి పాటనూ దాచడం. మన ఊళ్ళలో బుర్రకథ చెప్పేవాళ్ళు, ఒగ్గు కథకులు, జముకుల పాటవాళ్ళు, నాట్ల పాటలు పాడే అమ్మలు ఇంకా ఉన్నారు. బ్రిస్టల్ వాళ్ళకు 1940ల్లో రికార్డు చేయడం ఖరీదైన పని. మనకు ఆ సాకు లేదు. జేబులో ఫోను ఉంది. పాడినవారి పేరు, ఊరు, పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారో ఆ వివరం, వాటితో సహా దాచాలి. పేరు రాయకపోతే లెస్లీ రిడిల్‌కు జరిగిందే మళ్ళీ జరుగుతుంది.

రెండో పని అంతకన్నా ముఖ్యం. దాచిన పాట పెట్టెలో ఉంటుంది, పాడించిన పాట పిల్లల నోటికి వస్తుంది. స్థానిక స్టేషన్లు, అవి ఆకాశవాణివైనా, కమ్యూనిటీవైనా, కళాశాలలవైనా, ప్రతిరోజూ ఒకే వేళకు ఒక గంట స్థానిక కళాకారులను ప్రత్యక్షంగా పాడించగలిగితే, మధ్యాహ్నం పాడినవాళ్ళు సాయంత్రం ఆ పరిధిలోని బళ్ళకు, గ్రంథాలయాలకు వెళ్ళి పాడే ఏర్పాటు చేయగలిగితే, కళాకారుడికి బతుకు, పాటకు వారసులు రెండూ దొరుకుతాయి. స్టాన్లీ సోదరులు బ్రిస్టల్‌కు వచ్చిననాడు మహాగాయకులు కారు. ఇరవై ఏళ్ళ చుట్టుపక్కల వయసున్న కొండ కుర్రాళ్ళు. వాళ్ళ చేతికి రోజూ మైకు ఇచ్చిన ఊరు ఉంది, కాబట్టి వాళ్ళు అంతవాళ్ళయ్యారు. మన ఊళ్ళలోనూ ఆ వయసు పిల్లలు ఉన్నారు. వాళ్ళకు రోజూ ఒక గంట ఇద్దాం.